చేపల తొట్టీ, నా పాదమూ

మా అత్తవారింట్లో కార్తీకమాసం వస్తే ఉల్లిపాయ కూడా గడప తొక్కేది కాదు. అలాంటి కొంపలో చేపకి మాత్రం నట్టింట్లో టేకు బల్ల వేసి పీఠం పెట్టారు. కాపురానికి వచ్చిన రోజు సావిట్లోకి అడుగుపెట్టగానే నాకు మొదట కనిపించింది అదే. నాలుగు పలకల గాజు తొట్టి, చుట్టూ టేకు చట్రం, చట్రానికి పసుపు, కుంకుమ బొట్లు. లోపల కాఫీ డికాక్షన్‌లో నీళ్ళు కలిపినట్టున్న రంగు. ఆ రంగులోంచి ఒక ముసలి ఎర్రచేప నాకేసి చూసి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. బందరు పిల్లని కాబట్టి చేపలు నాకు కొత్త కాదు. హారతి పట్టించుకునే చేపని మాత్రం అప్పుడే చూశాను.

నయాపైసలు కొత్తగా వచ్చి, అణాలతో లెక్క కుదరక జనం కొట్ల దగ్గర తగువులాడుకుంటున్న రోజులవి. మా మావగారు నూజివీడులో మామిడికాయల వ్యాపారి. పూత మీద ఉండగానే తోటలు మాట్లాడుకుని, కాయ దింపించి, గడ్డి పరిచిన గంపలకెత్తించి మద్రాసు పంపేవారు. ఓసారి అక్కడ తన సరుకు కొనే పెద్ద వ్యాపారి ఇంట్లో ఇలాంటి తొట్టి చూశారట. దాని ముందు కూర్చుంటే ఎదుటివాడు చేపల్ని చూస్తూ బేరం మీద పట్టు వదిలేస్తున్నాడని ఈయనకి అనిపించింది. ఊరికి రాగానే వడ్రంగిని పిలిపించి ఒకటి చేయించారు. ఎర్రచేపల్ని నీళ్ళ డబ్బాలో వేయించుకుని, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని, రైల్లో తెచ్చుకున్నారు. ఆ ఏడాది కాపు విరగకాసి వ్యాపారం బ్రహ్మాండంగా సాగింది. దాంతో ఆ తొట్టి లక్ష్మీదేవి అయి కూర్చుంది.

రెడ్డిగూడెం, విస్సన్నపేట రైతులు వచ్చి దాని ముందు చాప మీద కూర్చునేవారు. ధర ఎప్పుడూ నోటితో చెప్పుకునేవారు కాదు. తువ్వాలు కింద చేతులు దూర్చి, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని నొక్కుకోవడమే బేరం. నోళ్ళు ఖాళీయే కాబట్టి చేప గురించి మాట్లాడుకునేవారు.

"బాగా ఒళ్ళు చేసిందండీ మీ చేప" అనేవాడు రైతు, తువ్వాలు కింద మావగారి వేలు విరగ్గొడుతూ.

"ఏదీ, తిండి తగ్గించిందండీ ఈమధ్య" అనేవారు మావగారు, తన వేలు తిరిగి లాక్కుంటూ.

తిండి తగ్గడానికి అవకాశమే లేదు. వచ్చిన ప్రతివాడూ గుప్పెడు మరమరాలు విసిరేవాడు. బూందీ వేసేవాళ్ళున్నారు. ఒకాయన చక్కెరకేళి ముక్క కూడా సమర్పించుకున్నాడు. ఆ ఒక్క చేప అంత ఎక్కడ తింటుంది? మిగిలిందంతా అడుగున నల్లటి మడ్డిగా పేరుకుపోయింది. గాజు అంచుల వెంట తెల్లటి చారలు కట్టాయి. చేప రంగు వెలిసింది, తోక చివర్లు చీకిపోయాయి, వీపు కాస్త వంగింది. మొదట వచ్చిన వాటిలో మిగిలింది అదొక్కటే. ఇంట్లో అందరూ దాన్ని 'పెద్దది' అని, కొంచెం గొంతు తగ్గించి పిలిచేవారు.

తొట్టికి ఒకే ఒక నియమం. నీళ్ళు పారబోయకూడదు. "లక్ష్మి ఉన్న నీళ్ళు కాలవలో పోసుకుంటామా అమ్మా" అనేవారు మావగారు. రోజూ దీపాలవేళకి ఎంత ఇగిరితే అంత, మా నూతి నీళ్ళు చెంబుతో పోసి అంచుదాకా నింపేవారు. దేవుడి గదిలో అత్తగారు అఖండదీపంలో నూనె అలాగే పోసేది. ఆవిడ దీపాన్ని కొండెక్కనిచ్చేది కాదు, ఈయన నీటిని మారనిచ్చేవారు కాదు. ఇద్దరిలో ఎవరి భక్తి గట్టిదో చెప్పడం కష్టం.

ఇక ఉగాది సంగతి. కాయల సీజను మొదలయ్యే ముందు, ఉగాది నాడు, బెజవాడ నుంచి ఓ కొత్త చేపని తెచ్చి తొట్టిలో వదలడం ఆ ఇంటి ఆచారం. నేను కాపురానికి వచ్చింది సరిగ్గా ఆ పండక్కి ముందే. పసుపుబట్టల్లో నన్ను నిలబెట్టి, నా ఎదురుగానే కొత్త చేపని వదిలారు. అది అటూ ఇటూ పిచ్చెత్తినట్టు తిరిగి, పైకి వచ్చి గాలి మింగి, సాయంత్రానికి ఓ మూల నక్కింది. తెల్లారేసరికి వెల్లకిలా తేలింది.

అత్తగారు తొట్టికేసి ఒకసారి, నా కాళ్ళకేసి ఒకసారి చూసింది.

"ఇట్టా ఎప్పుడూ జరగలేదు సుమా" అంది, ఎవరితోనో కాదు, గోడతో.

జరగకపోవడమేమిటి, ముందటేడు తెచ్చినది కూడా వారం తిరక్కుండానే చచ్చిందని మా పాలేరు పెరట్లో నాకు చెప్పాడు. అప్పుడు ఎండ ఎక్కువై చచ్చిందన్నారట. ఈ ఏడాది ఎండ కంటే నేను దగ్గర్లో ఉన్నాను, అంతే తేడా.

కొత్త కోడలి పాదం మంచిది కాదన్న మాట అలా పుట్టింది. ఎవరూ గట్టిగా అనేవారు కాదు. గట్టిగా అంటే జవాబు చెప్పవచ్చు కదా. సీజనులో మొదటి గంప బండికెక్కేటప్పుడు ఇంటి కోడలు దానికి బొట్టు పెట్టాలి. ఆ వేళకి నాకు వంటింట్లో ఏదో పని తగిలేది. "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయేమో చూడు" అనేది అత్తగారు. పాలు అప్పటికింకా పొయ్యి ఎక్కి ఉండేవి కావు. మరుసటి ఉగాదికి నన్ను పెరట్లోకి పంపేసి చేపని వదిలారు. నేను సావిట్లో లేకపోయినా చచ్చింది. నా గాలి తగిలింది అన్నారు. ఆ తర్వాతి ఏడు మా చిన్నాన్న కూతురి పెళ్ళని బందరు వెళ్ళాను, అంత దూరం నుంచి కూడా ఎలాగో చంపేశాను. మా ఆయన మంచివాడు. అంటే ఏమీ మాట్లాడేవాడు కాదు.

నాకు ఒళ్ళు మండిపోయేది. గంపకి బొట్టు పెట్టాలన్న సరదా నాకేమీ లేదు. నా కాళ్ళకి కట్టిన ఆ చచ్చిన చేపల దండని ఎవరైనా విప్పితే చాలు. నడుస్తుంటే మట్టెల చప్పుడు కూడా వినపడకుండా నడవడం అలవాటైపోయింది నాకు. ఇరవై ఏళ్ళ పిల్ల అలా నడవాల్సిన అవసరం ఏముంది?

ఒక ఉగాదికి మా ఆయన పొరపాటున ఒక మంచి పని చేశాడు. ఒకటి పోయినా ఒకటి ఉంటుందని రెండు చేపలు తెచ్చాడు. ఒకదాన్ని పండగనాడు వదిలారు. రెండోదాన్ని శుక్రవారం వదలాలన్నారు మావగారు. అప్పటిదాకా ఎక్కడ పెట్టాలి? బస్సులో వచ్చిన సీసా ఇరుగ్గా ఉందని, నా సారెలో వచ్చిన పెద్ద పింగాణీ బేసిన్లో నీళ్ళు పోసి వంటింటి గూట్లో పెట్టాను.

"ఆవకాయ కలుపుకునే బేసిన్లో చేపా!" అని అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"నా బేసిను అత్తయ్యగారూ. మా అమ్మ పెట్టింది" అన్నాను. ఆ ఇంట్లో నేను ఎదురు చెప్పిన మొదటి మాట అదేననుకుంటాను.

సావిట్లో చేప ఆచారం ప్రకారం తెల్లారేసరికి చచ్చింది. వంటింట్లో చేప బతికే ఉంది. శుక్రవారం వచ్చినా బతికే ఉంది. నేను రోజూ సగం నీళ్ళు తీసేసి, బిందెలో నిలవ ఉన్న నీళ్ళు పోస్తున్నాను. రెండు మెతుకులు వేస్తున్నాను. దాని పక్కనుంచే పొద్దుటి నుంచి రాత్రిదాకా తిరుగుతున్నాను. నా నీడ, నా గాలి, నా పాదం, అన్నీ తగులుతూనే ఉన్నాయి. అది హాయిగా తోక ఊపుకుంటూ తిరుగుతోంది.

"దీన్ని తొట్టిలో వెయ్యనివ్వను" అని చెప్పేశాను. మావగారు కూడా ఎందుకో పట్టుపట్టలేదు.

ఆలోచిస్తే అది వంటింటి లెక్కే. చారు మరిగి ఇగిరితే పోయేది నీళ్ళు, ఉప్పు ఎక్కడికీ పోదు. మా నూతి నీళ్ళు అసలే కాస్త ఉప్పన. అవి ఇగరడం, మళ్ళీ అవే పోయడం, పైన మరమరాల కుళ్ళు, చేప చేసే కంపు. ఏళ్ళ తరబడి ఒక్క చెంబుడు బయటికి పోలేదు. పెద్దది రోజుకి రవ్వంత చొప్పున దానికి అలవాటు పడింది. కొత్తదానికి ఆ ఏళ్ళన్నీ ఒకేసారి నెత్తిన పడుతున్నాయి.

నేనూ ఆ ఇంటికి కొత్తగా వచ్చినదాన్నే కాబట్టి నాకు ఇది తట్టిందంటే ఆశ్చర్యమేమీ లేదు.

ఎండాకాలం సెలవులకి మా మరిది వచ్చాడు. బెజవాడ కాలేజీలో సైన్సు చదువుతున్నాడు, దాన్ని ఎక్కడ ఉపయోగించాలా అని చూస్తున్నాడు. నేను సంగతంతా చెప్పాను. కాలేజీ నుంచి జేబులో వేసుకొచ్చిన లిట్మస్ కాగితం తెచ్చి తొట్టిలో ముంచాడు. నీలం కాగితం ఎర్రబడింది.

"వదినా! పులిసిపోయాయి నీళ్ళు! మజ్జిగలాగా పులిసిపోయాయి!" అని గంతులేశాడు.

"అయితే మీ అమ్మగారికి చెప్పు."

"చెప్పేదేంటి, చేసి చూపిస్తా" అన్నాడు.

మర్నాడు మావగారు రెడ్డిగూడెం తోటలకి వెళ్ళారు. అత్తగారు గుళ్ళో ఉంది. నేను పెరట్లో బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి మరిదీ పాలేరూ కలిసి తొట్టి మొత్తం ఖాళీ చేశారు. మడ్డి ఎత్తారు, గులకరాళ్ళు కడిగారు, గాజుని ముగ్గుపిండి పెట్టి తోమారు. అంచుదాకా కొత్త నూతినీళ్ళు పోశారు. తొట్టి మెరిసిపోతోంది. నేను కాపురానికి వచ్చాక దానిలో మొదటిసారిగా అవతలి గోడ కనిపించింది. మరిది తడి లుంగీతో నిలబడి మురిసిపోతూ, పెద్దదాన్ని అందులో వదిలాడు.

అది గిరుక్కున ఒక చుట్టు తిరిగింది. తర్వాత పక్కకి ఒరిగింది. మొప్పలు ఎగేసుకుంటూ అలాగే ఒరిగి ఉండిపోయింది.

 ఇది చస్తే కొత్త చేపల లెక్క కాదు. వ్యాపారం నిలబెట్టిన చేప, మావగారి చేప. ఆయన సంగతి అటుంచి, ఊరంతా నా కాళ్ళకేసి చూస్తుంది. మరిదిని ఎవరూ ఏమీ అనరు, వాడి కాళ్ళు ఆ ఇంట్లోనే పుట్టాయి.

"ఏంటి వదినా ఇది? నీళ్ళు మంచివే కదా?" అన్నాడు. మొహం పాలిపోయింది.

"టైఫాయిడ్ నుంచి లేచినవాడికి ఎవరైనా మొదటిరోజే ఆవకాయన్నం పెడతారుటయ్యా? పథ్యం ఉండద్దూ?" అని అరిచాను. "ఆ పాత నీళ్ళేవీ?"

పాత నీళ్ళని అరటిచెట్లకి పోయమని అప్పటికే పాలేరుకి పురమాయించాడు వాడు. పాలేరు సగం పోసి, చుట్ట వెలిగించుకుని గోడ పక్కన చతికిలబడ్డాడు. రెండు బాల్చీలు అలాగే ఉన్నాయి. జీవితంలో ఎవరి సోమరితనానికీ నేను అంతగా దండం పెట్టుకోలేదు. ఆ కంపు నీళ్ళు మోసుకొచ్చి, మెరుస్తున్న తొట్టిలోంచి కొత్తవి తోడేస్తూ, పాతవి చెంబు చెంబు పోయడం మొదలుపెట్టాం.

సరిగ్గా అప్పుడు మావగారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన వెనకాలే గుళ్ళోంచి అత్తగారు.

"ఏం చేస్తున్నారమ్మా?"

"దానికి అలవాటైన నీళ్ళు పోస్తున్నామండీ మావయ్యగారూ" అన్నాను. 

ఆయన చెప్పులు విడిచి, చొక్కా చెయ్యి మడిచి, తొట్టిలో చెయ్యి పెట్టారు. ఒరిగిపోయిన చేప కింద అరచెయ్యి పెట్టి దాన్ని నిటారుగా నిలబెట్టారు. రైతుల వేళ్ళు నొక్కి ధర రాబట్టే చెయ్యి అది. నేను పోస్తూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు, నా నడుం పడిపోయింది. చివరికి చేప ఆయన వేళ్ళ మధ్యనుంచి మెల్లగా కదిలి, తన పాత మూలకి వెళ్ళి నిలబడింది.

మావగారు చాప మీద కూలబడ్డారు.

"దీన్ని బాగా చూసుకుంటున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నారు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద అంతదాకా ఉన్న కోపం ఎటుపోయిందో తెలియదు.

చారు సంగతీ, పథ్యం సంగతీ చెప్పాను. అంతా విని అడిగారు. "అయితే కొత్తవి చచ్చిపోతోంది నీళ్ళ వల్లా?"

"నీళ్ళ వల్లేనండీ. నా కాళ్ళ వల్ల కాదు."

 ఇన్నేళ్ళలో ఆ మాట అందరి ముందూ ఎవరైనా పైకి అనడం అదే మొదలు. మావగారు భార్యకేసి చూశారు. ఆవిడ ప్రసాదం కొబ్బరిచిప్ప అక్కడే బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. రోజూ ఒక చెంబు పాతవి తీసి ఒక చెంబు కొత్తవి పోయడం, అది కూడా నిలవ నీళ్ళు. లక్ష్మి ఉన్న నీళ్ళు కాలవలో పోయడానికి మావగారికి ఇంకా మనసొప్పలేదు. సరే, పెరట్లో మల్లెపందిరికి పోద్దాం అన్నాను. దానికి ఒప్పుకున్నారు. చేప మడ్డికి ఆ మల్లెతీగ ఎంత బలిసిందంటే, వీధిలో సగం మంది ఆడవాళ్ళు మా పూలే పెట్టుకునేవారు. ఏ ఎరువు వేస్తారండీ అని అడిగితే అత్తగారు దేవుడి దయ అనేది.

మరమరాలు విసరడం మాన్పించడమే కష్టమైంది. బేరంలో ఓడిపోయిన రైతుని చేపకి కూడా పెట్టొద్దంటే ఏం బాగుంటుంది?

మళ్ళీ ఉగాది వచ్చేసరికి తొట్టి నీళ్ళు తేటపడ్డాయి. నా బేసిన్లో చేపని, దాని నీళ్ళలో రోజూ కాసిని తొట్టి నీళ్ళు కలిపి అలవాటు చేసి, అప్పుడు వదిలాను. నేనే వదిలాను, అందరి ముందూ. తెల్లారింది, బతికే ఉంది. పెద్దదాని వెనకాల తోక పట్టుకున్నట్టు తిరుగుతోంది.

అత్తగారు కాఫీ గ్లాసుతో వచ్చి చూసింది.

"మా కోడలి పాదం మంచిదే" అంది.

మళ్ళీ పాదమే! ఏడాది పొడుగునా చెంబులు మోసింది నా చేతులు, తెలుసుకున్నది నా బుర్ర, పేరు మాత్రం పాదానికి. అయినా ఆ ఏడు మొదటి గంపకి బొట్టు నేనే పెట్టాను. పెడుతూ లోపల్లోపల ఆవిడని తిట్టుకున్నాను కూడా.

రెండు మూడేళ్ళకి మా మరిదికి పెళ్ళయింది. గుడివాడ వైపు పిల్ల, చాలా భయస్తురాలు. గ్లాసు కింద పెట్టినా చప్పుడవుతుందేమోనని చూసేది. ఆ పిల్ల వచ్చిన వారంలోనే, ఓ పొద్దున కల్లాపి చల్లడానికి నేను లేచి సావిట్లోకి వచ్చేసరికి, అత్తగారు అప్పటికే తలస్నానం చేసి, మడి కట్టుకుని, తొట్టి ముందు నిలబడి ఉంది.

పెద్దది వెల్లకిలా తేలుతోంది.

ఈసారి నీళ్ళది తప్పు కాదు, చేపకి వయసైపోయింది. కానీ ఆ మాట ఎవరు వింటారు? లోపలి గదిలో కొత్త కోడలు నిద్రపోతోంది, పాదాల పారాణి ఇంకా వదలనైనా లేదు. నేను అత్తగారి మొహంలోకి చూశాను. ఆవిడ మొదట గోడతో ఏమంటుందో నాకు తెలుసు. దానికి జవాబు కూడా నోట్లో సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ తొట్టిలో చెయ్యి పెట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ చేపని తాకని మనిషి, మడిబట్టతో, దాన్ని తీసి కొంగులో చుట్టుకుంది.

"గునపం తే" అంది.

మల్లెపందిరి కింద నేను తవ్వాను, ఆవిడ పెట్టి మట్టి కప్పింది. "మీ మావయ్యగారికి నేను చెప్తాలే. ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళొచ్చాక" అంది.

"అప్పటిదాకా ఆయన అడగరా?"

"నీళ్ళు మారుస్తూ నీ బేసిన్లో పెట్టావని చెప్పు. నీ మాటైతే నమ్ముతారు."

నేను ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. మట్టి చదును చేస్తూ ఆవిడే అంది.

"నేను కాపురానికొచ్చిన వారానికి పాడిగేదె చచ్చింది."

"ఈ ఇంట్లోనా అత్తయ్యగారూ?"

"ఇక్కడెక్కడిదే! విస్సన్నపేటలో. మీ మావయ్యగారి మేనత్త ఇంట్లో."

"ఆ గేదెని మీరు చూశారా?"

"చూళ్ళేదే. ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తే నన్ను గొడ్లపాక వైపు పోనివ్వరు."

నేను నోరు తెరిచేలోగా పెరటి తలుపు కిర్రుమంది. కొత్త కోడలు, నిద్రకళ్ళతో, మట్టెల చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద నడుస్తూ వస్తోంది. అత్తగారు మట్టిచేతుల్ని గబుక్కున కొంగులో దాచుకుంది.

"మెల్లిగా దేనికమ్మా నడవడం? కాళ్ళు బాగా ఆనించి నడువు" అంది.